ప్రహరీ వెంట తంగేడు: ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 2023

గుంటూరు శివారులోని మా కాలనీలో తూర్పు ప్రహరీకి లోపలి వైపు నలభై అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున ఖాళీ నేల ఉంది. మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా అక్కడ ఎండ నేరుగా పడుతుంది. గోడ వేడి దానికి తోడు. నాటిన మందారాలు, నందివర్ధనాలు రెండు వేసవులు కూడా నిలవలేదు. ఈసారి కోనోకార్పస్ వేద్దామని సంఘం సమావేశంలో అన్నారు. గుంటూరు, విజయవాడల్లో కొత్త ప్రహరీ ఎక్కడ లేస్తే అక్కడ కోనోకార్పస్ వరస కనిపిస్తోంది. పచ్చగా, దట్టంగా ఉంటుంది, నిజమే. కానీ దాని చుట్టూ ఒక సీతాకోకచిలుక తిరగడం నేను చూడలేదు. ఆ నేల నాకు వదిలేయండి, తంగేడు వేస్తాను అన్నాను. నీళ్ల ఖర్చు ఉండదన్న మాటకు అందరూ ఒప్పుకున్నారు.

తంగేడు బఠాణీ, కంది, చింత కుటుంబానికి చెందిన పొద. మన దేశంలోని పొడి నేలలు, శ్రీలంక దీని సొంత ఊళ్లు. ఆరేడు అడుగుల దాకా పెరుగుతుంది. నర్సరీలో అడిగితే టెకోమా చూపించి ఇదీ పసుపు పూలేగా అన్నారు. టెకోమా అమెరికా ఖండాల నుంచి వచ్చింది, దాని కుటుంబమే వేరు. నాకు కావలసింది పువ్వు రంగు ఒక్కటే కాదు, ఆ మొక్కను నమ్ముకుని బతికే ప్రాణులన్నీ. అందుకే గింజల కోసం కొండవీడు వైపు వెళ్లాను.

అక్కడి పొలాల గట్ల మీద పూత అయిపోయి కాయలు ఎండి ఉన్నాయి. కాయ చదునుగా, కాగితంలా పలచగా, బొటనవేలంత వెడల్పున ఉంటుంది. గింజ ఉన్నచోటల్లా పైకి ఉబ్బి, ఎన్ని ఉన్నాయో బయటి నుంచే లెక్కపెట్టవచ్చు. ఆడిస్తే గలగలమంటుంది. మేకలు తోలుకుపోతున్న పెద్దాయన ఆగి అడిగాడు.

"ఏం కోస్తున్నావమ్మా?"

"తంగేడు గింజలు తాతా, మా ఇళ్ల దగ్గర వేద్దామని."

"దీన్ని వెయ్యడం ఏమిటమ్మా, అదే మొలుస్తుంది కదా. మేకలు కూడా ముట్టవు."

ఆయన మాట నిజం. కాకపోతే అదే మొలిచే చోట్లు తగ్గిపోతున్నాయి. రోడ్డు వెడల్పు చేసిన ప్రతిచోటా ముందు పోయేది అంచున ఉన్న తంగేడే. ప్లాట్లు వేసినచోట పొక్లెయినుతో మొదట ఊడ్చేసేదీ దాన్నే. ఎవరూ నాటరు కాబట్టి పోయిందని ఎవరికీ తెలియదు.

ఒక్కో పొద నుంచి కొన్ని కాయలే తీసుకున్నాను. వీలైనన్ని పొదల నుంచి తీసుకుంటే మొక్కల్లో వైవిధ్యం ఉంటుంది, అక్కడి పొదలకూ లోటు రాదు.

మార్చి

గింజలు వలిచాను. కొన్నిటికి సూదిమొనంత రంధ్రం ఉంది. పెసల్లో పడే పురుగు లాంటిదే లోపల పిండి తినేసి బయటికి వచ్చిన గుర్తు అది. అవి, నీళ్లలో తేలినవి పక్కన పడేశాను. మిగిలినవి గోధుమ రంగులో గట్టిగా, పంటి కింద రాయిలా ఉన్నాయి. సీసాలో పోసి, అడుగున కాస్త బూడిద వేసి మూత పెట్టాను.

ఏప్రిల్, మే

మొత్తం పనిలో కష్టమంతా నేల దగ్గరే పడింది. పైకి నల్లరేగడిలా కనిపిస్తుంది, గునపం వేస్తే ఖంగుమంటుంది. కట్టుబడి నాటి ఇటుక ముక్కలు, గట్టిపడిన సిమెంటు, టైల్స్ పెంకులు అందులోనే పూడ్చేశారు. మోకాలి లోతు తవ్వి, తట్టల కొద్దీ బయటికి ఎత్తించాం. వేసవిలో నెర్రెలు విచ్చే రేగడి వానాకాలంలో నీరు పట్టి రోజుల తరబడి వదలదు. తంగేడు ఎండకు భయపడే మొక్క కాదు. దాని లేత వేరుకు గండమంతా నిలిచిన నీటితోనే. అందుకని ఎర్ర గ్రావెల్ మట్టి తెప్పించి, తీసిన రేగడిలో సగం కలిపి, మూరెడు ఎత్తున పొడవాటి మడి కట్టాం. గోడకు రెండడుగులు ఎడం ఉంచి, గోడ వైపు చిన్న కాలువ తీశాం. ఎరువు చాలా తక్కువ వేశాను. బలం ఎక్కువైతే ఆకు తప్ప పువ్వు రాదని తోటపని చేసే ఆయన హెచ్చరించాడు. ఆ మాట నాకు సబబుగా తోచింది.

మే చివర ఎండ 44 డిగ్రీలు దాటిన రోజుల్లో నీడపట్టున కూర్చుని గింజల పని చూశాను. తంగేడు గింజ పైపొర నీటిని లోపలికి రానివ్వదు. అడవిలో ఏళ్ల తరబడి ఎండా వానా తిని అది మెత్తబడుతుంది. మనం ఆ పని తొందరగా చేయాలి. రెండు పద్ధతులు పెట్టుకున్నాను. ఒక భాగాన్ని ఉప్పుకాగితం మీద ఒక పక్క మాత్రమే రుద్దాను, గోధుమ రంగు పోయి లోపలి తెలుపు చుక్కలా కనిపించేదాకా. గింజకు బొడ్డు ఉన్న కొసను ముట్టుకోకూడదు, మొలక అక్కడి నుంచే రావాలి. ఇంకో భాగం మీద పొయ్యి మీంచి దించి కాసేపు ఆరనిచ్చిన వేడి నీళ్లు పోసి రాత్రంతా వదిలేశాను. తెల్లవారేసరికి రుద్దినవి దాదాపు అన్నీ రెండింతలు ఉబ్బాయి. వేడి నీళ్లవి కొన్ని ఉబ్బాయి, కొన్ని నిన్నటి రాళ్లలాగే ఉన్నాయి. ఉబ్బని వాటికి మళ్లీ ఉప్పుకాగితం పెట్టాను. చేతివేళ్లు మండుతాయి కానీ కొద్దిపాటి గింజలకు ఇంతకన్నా నమ్మకమైన మార్గం లేదు.

జూన్, జూలై

తొలకరి పడ్డాక మడిలో ఉత్తరపు సగంలో గింజలు నేరుగా వేశాను. దక్షిణపు సగానికి సంచుల్లో మొక్కలు లేపాను. ఏది బాగా నిలుస్తుందో కళ్లారా చూడాలని. వారం తిరక్కుండానే మొలకలు వచ్చాయి. ముందు రెండు మందపాటి గుండ్రని బీజదళాలు, తరువాత ఈనెకు అటూ ఇటూ జంటలుగా చిన్న ఆకులు. సాయంత్రం చీకటి పడేవేళకు ఆ జంటలు దగ్గరికి ముడుచుకుంటాయి, పొద్దున విచ్చుకుంటాయి.

మా ఎదురింటి పిన్నిగారు వచ్చి, "చిక్కుడు జాతే కదమ్మా, నేలకు నత్రజని పడుతుందిలే" అన్నారు. చాలామంది అలాగే అనుకుంటారు. ఒత్తుగా ఉన్నచోట పలచన చేస్తూ పీకిన మొక్క వేళ్లు కడిగి ఆవిడకు చూపించాను. పక్కనే కుండీలో మొలిచిన పెసర మొక్కనూ పీకాను. పెసర వేళ్ల నిండా ఆవగింజంత బుడిపెలు, గోటితో నొక్కితే లోపల లేత ఎరుపు. తంగేడు వేరు నున్నగా, సన్నటి తోకలా దిగిపోయింది. ఒక్క బుడిపె లేదు. ఈ కుటుంబంలో అన్నీ గాలిలోని నత్రజనిని పట్టవు. తంగేడు, కసివింద, తగిరిస ఉన్న ప్రజాతికి ఆ బుడిపెలు రావు. అయినా పాతకాలపు రైతులు తంగేడు కొమ్మలు కోసి వరి మడిలో తొక్కేవారంటే, ఆకు కుళ్లి నేలకు పనికొస్తుందనే. మొక్క నేలలోంచి తీసుకున్నదే మళ్లీ నేలకు ఇస్తుంది.

ఆ పీకిన మొక్కలో ఇంకోటి కనిపించింది. పైన జానెడు లేని మొక్కకు కింద తల్లివేరు మూరెడు ఉంది. సంచుల్లోని వాటిని ఇక ఆగకుండా అప్పుడే నాటేశాను. ఇంకా ఉంచితే వేరు సంచి అడుగున చుట్ట చుట్టుకుంటుంది, అలా చుట్టుకున్న వేరు తరువాత నేలలోకి దిగదు.

ఆగస్టు

వాన లేదు. దేశం మొత్తం మీద 1901 నుంచి ఉన్న లెక్కల్లో ఇంత తక్కువ వాన కురిసిన ఆగస్టు మరొకటి లేదట. మడి పైపొర దుమ్ము. వారానికి రెండుసార్లు, సాయంత్రం పూట, మొదలు తడిసేలా నిండుగా పోశాను. రోజూ పైపైన చల్లితే వేరు పైనే ఉండిపోతుంది. సంచుల నుంచి నాటినవి మధ్యాహ్నం వేళ తలవాల్చి రాత్రికి తేరుకుంటున్నాయి. నేరుగా మొలిచినవి తల వాల్చలేదు. ఎత్తులో వెనకబడి ఉన్నవి నెలాఖరుకు వాటిని అందుకున్నాయి. ఇక ముందు ఎక్కడ వేసినా గింజే వేస్తాను.

సెప్టెంబరు

వానలు మొదలయ్యాయి, పురుగులూ మొదలయ్యాయి. ఈ నెలలో జరిగినదాన్ని వివరంగా రాసుకోవాలి.

మొదట కనిపించింది గుడ్డు. లేత ఆకు మీద, వడ్లగింజకన్నా బాగా చిన్నది, తెల్లగా, రెండు కొసలూ సన్నగా, నిటారుగా నిలబెట్టి అతికించినట్టు. ఒక ఆకుకు ఒకటి. సున్నం రంగు రెక్కల సీతాకోకచిలుక ఒకటి అంతకుముందు రోజంతా కొమ్మ కొమ్మకూ వాలి వెళ్లింది. కాటోప్సిలియా ప్రజాతిది అది. తంగేడు, కసివింద, తగిరిస, రేల వంటి చెట్ల ఆకులే దాని పిల్లల తిండి. గుడ్డు పసుపు రంగుకు తిరిగి, చిట్లి, దారప్పోగంత పురుగు బయటికి వచ్చింది. తినేకొద్దీ ఆకుపచ్చ ముదిరి, పక్కన పొడుగునా తెల్లటి గీత, దాని పైన నల్లని చుక్కల వరస తేలింది. ఈనె మీద సాగి పడుకుంటే దగ్గరికి వంగి చూసినా ఆకే అనిపిస్తుంది. నాలుగు మొక్కలకు ఈనెలు తప్ప ఆకు మిగల్లేదు.

కాలనీలో కలవరం మొదలైంది. మొక్కలకు మందు కొట్టే మనిషి నెలకోసారి వస్తాడు. ఈ వరసకు కూడా కొట్టమని ఎవరో చెప్పారు. నేను అడ్డుపడ్డాను. "మొక్క చచ్చిపోతే?" అన్నారు. చావదు, ఈ పురుగూ ఈ మొక్కా ఎన్ని వేల ఏళ్ల నుంచో కలిసి బతుకుతున్నాయి, పదిహేను రోజులు ఆగి చూడండి అన్నాను. ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో "ఈ ఆకుల మీద పురుగులు ఉండాలి. మందు కొట్టవద్దు" అని రాసి గోడకు కట్టాను.

మొక్క ఊరికే కూర్చోలేదు. ఆకు ఈనె మీద, జంట జంటకూ మధ్య సన్నని పుల్లలా నిలబడిన గ్రంథి ఉంటుంది. దాని కొసన తీపి ఊరుతుంది. ఆ తీపికి చీమలు రోజంతా ఈనెల మీద గస్తీ తిరుగుతుంటాయి. చీమలు ఎక్కువ తిరిగే కొమ్మల్లో పురుగులు తక్కువ. మిగిలిన వాటిని పికిలిపిట్టలు చూసుకున్నాయి. పొద్దున్నే వచ్చి గోడ మీద కూర్చుని, ఒక్కో పురుగును ఏరి, గోడకేసి కొట్టి మరీ తినడం చూశాను. తప్పించుకున్నవి కాలువ పక్కన పుల్లలకు, ఆకుల అడుగున ప్యూపాలుగా వేలాడాయి. రెండు కొసలూ మొనదేలి, నడుముకు ఒక్క పట్టుదారం చుట్టి. వారం దాటాక తెల్లవారుజామున ఒకటి పగిలి, తడి రెక్కలతో సీతాకోక బయటికి రావడం మా వాచ్‌మెన్ కూతురు చూసి పరుగెత్తుకొచ్చి నన్ను లేపింది. ఈలోగా మోడు కొమ్మలు చిగురు పెట్టాయి, ముందుకన్నా గుబురుగా.

ఆ అట్ట వానకు తడిసి చిరిగిపోయింది. కొత్తది కట్టాలా అని అడిగితే, అక్కర్లేదు, మందు మనిషికి మేమే చెప్పాం అన్నారు.

డిసెంబరు

5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. రాత్రంతా ఈదురుగాలి, ఎడతెరిపి లేని వాన. కాలనీ లోపలి దారి మీద పిక్కల లోతు నీరు నిలిచింది. మడి మాత్రం ద్వీపంలా పైకి తేలి ఉంది. గోడ వైపు కాలువ నీటిని లాగేసింది. అక్కడక్కడ రెండు మొక్కలు ఒరిగితే నిలబెట్టి మన్ను ఎగదోశాను. ఆ మూరెడు ఎత్తు లేకపోతే ఈ డైరీ ఇక్కడితో ముగిసేది.

ఫిబ్రవరి నుంచి మే 2024

ఫిబ్రవరిలో నడుమెత్తు వచ్చిన కొమ్మల కొనలు కత్తిరించాను. పూత కొమ్మల చివర వస్తుంది కాబట్టి ఎన్ని చివరలుంటే అన్ని గుత్తులు. వానాకాలం మధ్యలో కత్తిరిస్తే ఆ ఏడు పూత పోయినట్టే.

కోసిన కొమ్మల బెరడు ఒలిచి కొరికి చూస్తే నాలుక పిడచకట్టుకుపోయేంత వగరు. అందులో సుమారు 18 శాతం టానిన్ అనే ఆ వగరు పదార్థం ఉంటుంది. తోళ్లు ఊనడానికి దక్షిణాదిన తరతరాలుగా వాడింది ఈ తంగేడు చెక్కే. మద్రాసు రేవు నుంచి విదేశాలకు వెళ్లిన తోళ్లకు పేరు తెచ్చింది కూడా ఇదే. తరువాత విదేశీ తుమ్మ రకమైన వాటిల్ చెక్క వచ్చి దీన్ని పక్కకు నెట్టింది. మా కాలనీకి వచ్చే చెప్పులు కుట్టే పెద్దాయన ఆ కొమ్మ చేతిలోకి తీసుకుని వాసన చూసి, "మా నాయన వీటిని కుండలో నానేసేవాడు" అన్నాడు. మరో మాట లేకుండా చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. ఒక కట్ట కట్టి ఇచ్చాను.

మార్చి తరువాత నీళ్లు పూర్తిగా ఆపేశాను. ఏప్రిల్, మే ఎండలకు కింది ఆకు కొంత రాల్చింది, పై ఆకు నిలుపుకుంది. ఒక్క మొక్కా పోలేదు. గేటు తీసి ఉన్నప్పుడు లోపలికి వచ్చే ఆవులు పక్కనున్న గడ్డి మేసి వెళ్లాయి, దీన్ని వాసన చూసి వదిలేశాయి.

సెప్టెంబరు 2024

ఈ నెల డైరీలో మొక్కల మాట లేదు. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానకు విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లన్నీ మునిగాయి. ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వెళ్లింది, బ్యారేజి కట్టాక ఎన్నడూ లేనంత. మా చుట్టాల ఇల్లు అక్కడే. వాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. సామాను ఎండబెట్టడం, బురద కడగడంతోనే సరిపోయింది. నెలాఖరుకు ఒకరోజు గుర్తొచ్చి మడి దగ్గరికి వెళితే కొమ్మల చివర ఆకుపచ్చని మొగ్గల గుత్తులు కనిపించాయి.

అక్టోబరు, నవంబరు

పూసింది. అక్టోబరు మొదటివారం నుంచి ఒకటొకటిగా, దీపావళికి వరస మొత్తం. వీధి మలుపు నుంచే పసుపు కనిపిస్తోంది.

మూడో బ్లాకులో నల్లగొండ నుంచి వచ్చిన కుటుంబం ఉంది. బతుకమ్మ రోజులు కదా, తంగేడు పువ్వు ఇక్కడ ఎక్కడ దొరుకుతుందో అని వెతుకుతున్నారట. తెలంగాణ రాష్ట్ర పుష్పం మా ప్రహరీ పక్కనే పూసిందని తెలిసి ఆ ఇంటి అమ్మాయి పరుగున వచ్చింది. "అక్కా, కొన్ని కోసుకోవచ్చా?" సగం కోసుకో, సగం తుమ్మెదలకు ఉంచు అన్నాను. ఆ రాత్రి పళ్లెంలో వరసలు పేర్చి తీసుకొచ్చి చూపించింది. షుగరుకు మంచిదని పూలు అడిగినవాళ్లకు మాత్రం కొన్ని ఇచ్చి, డాక్టరు రాసిన మాత్ర మానవద్దని ఒకటికి రెండుసార్లు చెప్పాను.

ఇప్పుడు పువ్వు సంగతి. ఐదు రేకులు, వాటి మీద ముదురు ఈనెలు. లోపల పది కేసరాలున్నా అన్నీ ఒకలా లేవు. పైన మూడు పొట్టివి, పుప్పొడి లేని వట్టివి. నడిమివి మోస్తరు. కిందివి పొడుగ్గా, కొడవళ్లలా వంగి ఉంటాయి. వాటి మధ్యలోంచి ఆకుపచ్చ కీలం, అంటే కొసన పుప్పొడిని అందుకునే కాడ, పక్కకు ఒరిగి వస్తుంది. ఒక పువ్వులో ఎడమకు, ఇంకో పువ్వులో కుడికి. ఈ పువ్వులో తేనె లేదు. ఇచ్చేది పుప్పొడి ఒక్కటే, అదీ తేలిగ్గా ఇవ్వదు. కేసరం తిత్తి పొడుగునా చీలదు, కొసన సన్నని రంధ్రాలే ఉంటాయి.

నల్ల తుమ్మెద వచ్చినప్పుడు చెవి పెట్టి వినాలి. ఎగురుతున్నప్పుడు బొంగురుగా ఉన్న ధ్వని, పువ్వును పట్టుకోగానే ఒక్కసారి పైస్థాయికి లేస్తుంది. రెక్కలు కదలవు. ఎగరడానికి వాడే కండరాలనే ఆడించి ఒళ్లంతా కంపింపజేస్తుంది. ఆ అదురుకు రంధ్రాల్లోంచి పుప్పొడి చిమ్ముతుంది. నడిమి కేసరాలది తుమ్మెద సొంతానికి. పొడుగు కేసరాలది దాని ఒంటి పక్కన, కాళ్లు అందనిచోట పడుతుంది. కీలం మరోపక్కకు ఒరిగిన పువ్వు మీద వాలినప్పుడు ఆ కొస సరిగ్గా అక్కడ తగులుతుంది. నీలిచారల తేనెటీగలు కూడా ఇలాగే అదిరిస్తున్నాయి. మామూలు తేనెటీగలకు ఆ విద్య లేదు, రేకుల మీద రాలిన పొడి ఏరుకుంటున్నాయి.

పిల్లలకు చూపించడానికి ఒక మాస్టారి దగ్గర శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) అడిగి తెచ్చాను. నల్ల కాగితం పువ్వు కింద పట్టుకోమని, దండాన్ని రబ్బరు మీద కొట్టి కేసరానికి ఆనించాను. పొగలా సన్నటి పసుపు పొడి కాగితం మీద పడింది. కంపించని దండం ఆనిస్తే ఏమీ రాలలేదు. తరువాత చీకటి పడేదాకా ఆ దండం నా చేతికి రాలేదు.

జనవరి 2025

కాయలు గోధుమ రంగుకు తిరుగుతున్నాయి. కుడి ఎడమల పువ్వులూ తుమ్మెదలూ దండిగా ఉన్న నడిమి భాగంలో గుత్తికి గుత్తి కాచింది. వీధి దీపం పక్కన కొస మొక్కలకు పువ్వులు రాలినవే ఎక్కువ, ఎందుకో వచ్చే పూతకు గమనించాలి. తుమ్మెదలు గూడు పెట్టుకోవడానికి ఎండిన మునగ మోడొకటి, కొన్ని వెదురు ముక్కలు గోడ మూలన కట్టాను. ఒక వెదురు నోటి దగ్గర అప్పుడే రంపపు పొట్టు రాలుతోంది.

గింజలు ఫిబ్రవరి నెలాఖరుకు సిద్ధమవుతాయి. పక్క కాలనీ వాళ్లు కాలువ గట్టుకు కావాలన్నారు, వాచ్‌మెన్ తన ఊళ్లో బడి ప్రహరీకి అడిగాడు. పొట్లంతో పాటు ఉప్పుకాగితం ముక్క ఒకటి పెట్టి ఇస్తాను. రేగడి నేలైతే ముందు మడి ఎత్తు చేసుకొమ్మని, మందు కొట్టవద్దని పొట్లం మీదే రాస్తాను.